డిసెంబరు హడావుడిలో క్రిస్మస్ అర్థాన్ని వెతుక్కోవడం ఎలా?

ఒక ఏడాది క్రిస్మస్ ముందు రాత్రి ఆరాధనలో లైట్లన్నీ ఆపేశారు. ముందు వరసలో ఒక కొవ్వొత్తి వెలిగించారు. దాని నుంచి పక్కవాళ్లు, వాళ్ల నుంచి వెనక వరసవాళ్లు వెలిగించుకుంటుంటే వెలుగు మెల్లగా మా దాకా వస్తోంది. నేను ఫోన్ పైకెత్తి అదంతా వీడియో తీస్తున్నాను. రెండు రోజుల తర్వాత తీరిగ్గా ఆ వీడియో చూసుకుంటే, ఒకచోట తెర అంచున ఒక కొవ్వొత్తి నా వైపు వంగింది. కాసేపు అలాగే ఆగింది. తర్వాత నన్ను దాటుకుని అవతలి మనిషి దగ్గరికి వెళ్లిపోయింది. పక్కనున్న పెద్దావిడ వెలుగు ఇవ్వబోతే నేను తీసుకోలేదన్నమాట. ఆ సంగతి అక్కడున్నప్పుడు నాకు తెలియనే లేదు.

అదే ఏడాది ఇంట్లో అందరికంటే ఎక్కువ షాపింగ్ చేసింది కూడా నేనే. ఏప్రిల్ దాకా వాయిదాలు కట్టాను. ఆఖరి వాయిదా కట్టేనాటికి, దేనికి కడుతున్నానో సగం గుర్తు లేదు.

ఇలా మొదలుపెట్టాను కదా అని, ఇక వస్తువుల్ని తిట్టిపోస్తానని అనుకోకండి. నా ఉద్దేశంలో అది తప్పు దారి. క్రిస్మస్ కథ నిండా వస్తువులే ఉన్నాయి. పొత్తిగుడ్డలున్నాయి, పశువుల తొట్టి ఉంది, బంగారం ఉంది, సాంబ్రాణి ఉంది. అసలు దేవుడు ఒక ఆలోచనగానో ఉపదేశంగానో కాక, ఆకలీ నిద్రా ఉన్న ఒంటితో వచ్చాడన్నదే ఈ పండుగ విశ్వాసం. వస్తువు పాపం కాదు. అయితే ఆ కథలో ప్రతి వస్తువూ ఒక బిడ్డ దగ్గరికి దారి చూపిస్తుంది. మనం కొనే వస్తువు ఎవరి దగ్గరికి దారి చూపిస్తోంది? చాలాసార్లు మనిషి దగ్గర కూర్చోలేక, ఆ కూర్చోవడానికి బదులుగా వస్తువు పంపిస్తున్నాం. కింద చెప్పే పనులన్నీ ఆ ఒక్క తేడాను సరిచేసుకోవడానికే. అన్నీ చేయాలని లేదు. మొదటి ఏడాది రెండు మూడు పట్టుకున్నా చాలు.

1. పోయిన ఏడాది లెక్క తీయండి

ఈ పని నవంబరు ఆఖర్లో, ఆఫర్ల మెసేజ్‌లు ఫోన్‌ని ముంచెత్తక ముందే చేయాలి. ఒక కాగితం తీసుకుని పోయిన క్రిస్మస్‌కు కొన్నవి, ఎవరికి ఇచ్చారో, అది ఇప్పుడు ఎక్కడుందో రాయండి. మీకు వచ్చినవి కూడా రాయండి. పక్కనే ఇంకో వరసలో మీ సమయం ఎటు పోయిందో రాయండి. కొనడానికి ఎన్ని సాయంత్రాలు పట్టాయి, సర్దడానికి ఎన్ని, ఎవరితోనైనా తీరిగ్గా కూర్చున్నవి ఎన్ని.

నా కాగితం మీద పద్నాలుగు వస్తువులు తేలాయి. అందులో ఐదు మాత్రమే ఎవరికైనా గుర్తున్నాయి. తీరిగ్గా కూర్చున్న సాయంత్రం ఒక్కటి. అది కూడా కరెంటు పోయిన రోజు.

ఈ కాగితం చూసుకుని మూడే మూడు నిర్ణయాలు తీసుకోండి. ఒకటి ఆపేసేది, ఒకటి తగ్గించేది, ఒకటి కొత్తగా మొదలుపెట్టేది. అంతకు మించి పెట్టుకుంటే డిసెంబరు రెండో వారానికే వదిలేస్తాం. ఇంట్లోవాళ్లను అడగకుండా వాళ్లకిష్టమైనది ఆపేయడం మాత్రం వద్దు. అలా చేస్తే మీ భక్తి వాళ్లకు శిక్షలా అనిపిస్తుంది.

పండుగనే ఆపేస్తే గొడవ ఉండదు కదా అన్నవాళ్లూ చరిత్రలో ఉన్నారు. అమెరికాలోని మసాచుసెట్స్ వలస రాజ్యంలో ప్యూరిటన్లు అనే కఠిన నియమాల ప్రొటెస్టెంట్ క్రైస్తవులు 1659లో క్రిస్మస్ జరుపుకోవడాన్ని నేరం చేసి ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు. ఈ పండుగ బైబిల్లో లేదన్నది, జనం తాగి అల్లరి చేస్తున్నారన్నది వాళ్ల అభ్యంతరం. 1681లో ఆ చట్టాన్ని తీసేశారు. పండుగ పాడైపోయిందన్న బాధ షాపింగ్ మాల్స్ కంటే చాలా పాతదని దీన్నిబట్టి తెలుస్తోంది.

2. ఎదురుచూడటానికి రోజులు కేటాయించండి

క్రిస్మస్‌కు ముందొచ్చే నాలుగు ఆదివారాల కాలాన్ని అడ్వెంట్ అంటారు, తెలుగులో ఆగమన కాలం. పాశ్చాత్య సంప్రదాయంలోని సంఘాల్లో ఇందులో మొదటి ఆదివారం నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య వస్తుంది. చాలా ఆర్థడాక్స్ సంఘాలకైతే 40 రోజుల ఉపవాస కాలం ఉంది. ఇది పండుగ చేసుకునే కాలం కాదు, ఎదురుచూసే కాలం. మనం ఈ భాగాన్ని పూర్తిగా ఎగ్గొట్టేశాం. డిసెంబరు 1 నుంచే పండుగ చేసుకుని 25 నాటికి అలిసిపోతున్నాం.

ఎదురుచూడటం చేతకాని పిల్లల కోసమే ఒక మంచి ఉపాయం పుట్టింది. జర్మనీలోని హాంబర్గ్‌లో జొహాన్ హిన్రిక్ విషెర్న్ అనే పాస్టరు పేదపిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని పిల్లలు రోజూ అడుగుతుంటే 1839లో ఆయన ఒక బండి చక్రానికి కొవ్వొత్తులు అమర్చాడు. ఆదివారాలకు పెద్ద తెల్లవి, మామూలు రోజులకు చిన్న ఎర్రవి. రోజుకొకటి వెలిగిస్తూ పోయారు. ఈనాడు నాలుగు కొవ్వొత్తులతో చేసే అడ్వెంట్ చక్రానికి మూలం అదే.

మీరూ నాలుగు కొవ్వొత్తులతో మొదలుపెట్టొచ్చు. మొదటి ఆదివారం ఒకటి, రెండో ఆదివారం రెండు, ఇలా. వెలుగుతున్నంతసేపు, అంటే ఓ పది నిమిషాలు, ఇంట్లోవాళ్లంతా ఒకచోట కూర్చోవాలి. అంతే. పెద్ద కార్యక్రమం ఏమీ అక్కర్లేదు.

దీంతోపాటు కొనుగోళ్లకు ఒక ఆఖరి తేదీ పెట్టుకోండి. రెండో ఆదివారానికల్లా కొనేవన్నీ కొనేయడం నాకు బాగా కుదిరింది. ఆ తేదీ దాటాక ఏదైనా గుర్తొస్తే, అది లేకుండానే పండుగ చేసుకోవాలి. మొదటిసారి కష్టంగా ఉంటుంది. చివరి వారంలో కొనేవి చాలావరకు అవసరం కొద్దీ కాదు, టెన్షన్ కొద్దీ కొనేవని రెండో ఏడాదికి తెలిసిపోతుంది.

3. కథను మళ్లీ మొదటిసారి చదవండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. వేరే ఏదీ చేయలేకపోయినా ఇది చేయండి.

ముందు బైబిలు తెరవకండి. ఒక తెల్లకాగితం మీద క్రిస్మస్ కథను మీకు గుర్తున్నట్టు రాయండి. ఎవరెవరున్నారు, ఎక్కడ, ఏం జరిగింది, ఎవరేమన్నారు. ఇప్పుడు లూకా సువార్త రెండో అధ్యాయం, మత్తయి సువార్త మొదటి రెండు అధ్యాయాలు తీసి పక్కపక్కన పెట్టుకుని సరిచూడండి. మీరు రాసినవాటిలో అక్కడ లేనివాటి కింద గీత గీయండి.

చిన్నప్పటి నుంచి వింటున్నవాళ్లు కూడా ఇక్కడ ఆశ్చర్యపోతారు. మరియ గాడిద మీద వచ్చిందని రెండు సువార్తల్లోనూ లేదు. స్థలం లేదు పొమ్మన్న సత్రం యజమాని లేడు. బిడ్డను చూడటానికి తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు ముగ్గురని లేదు. తెచ్చిన కానుకలు మూడు కాబట్టి తెచ్చినవాళ్లు కూడా ముగ్గురై ఉంటారని తర్వాతివాళ్లు అనుకున్నారు. ఆ జ్ఞానులు వచ్చింది కూడా తొట్టి దగ్గరికి కాదు, ఒక ఇంటికి. నాటకాల్లో గొర్రెల కాపరుల పక్కనే వాళ్లను నిలబెట్టేస్తాం గానీ, కాపరులు లూకాలో ఉన్నారు, జ్ఞానులు మత్తయిలో ఉన్నారు.

ఇది తప్పులు పట్టే ఆట కాదు. మనకు తెలుసనుకున్న కథ మీది నుంచి అలంకరణ తీస్తే, కింద ఏముందో కనబడుతుంది. ఏం కనబడుతుందో కొంచెం చూద్దాం.

కథ మొదలయ్యేది ప్రభుత్వ ఉత్తర్వుతో. రోమా చక్రవర్తి కైసరు ఔగుస్తు జనాభా లెక్క రాయించమన్నాడు. ఇలాంటి లెక్కలు ముఖ్యంగా పన్నుల కోసమే. దానికోసం నిండు నెలల మనిషి నజరేతు నుంచి బేత్లెహేముకు, వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాల్సి వచ్చింది. అంటే మొదటి క్రిస్మస్ కూడా ప్రశాంతంగా ఏమీ జరగలేదు. డబ్బు లెక్కలు, కాగితాలు, ప్రయాణాలు, దొరకని వసతి. మన డిసెంబరుకు దూరపు చుట్టమే. ఈ హడావుడంతా సద్దుమణిగాక దేవుడొస్తాడని ఎదురుచూసేవాళ్లు ఈ మాట గమనించాలి. ఆయన హడావుడి మధ్యలోనే వచ్చాడు.

ఇంకో మాట. సత్రంలో స్థలం లేదని తెలుగు బైబిల్లో చదువుతాం. అక్కడ లూకా వాడిన గ్రీకు మాట కటాలుమా. ఇదే మాట ఇరవై రెండో అధ్యాయంలో మళ్లీ వస్తుంది. యేసు శిష్యులతో కలిసి యూదుల పస్కా పండుగ భోజనం చేసిన గది అది. అక్కడ తెలుగులో విడిది గది అని ఉంటుంది. మంచి సమరయుడి ఉపమానంలో వచ్చే పూటకూళ్ల ఇంటికి లూకా వాడిన మాట వేరు. అందుకే చాలామంది పండితులు, బేత్లెహేములో నిండిపోయింది డబ్బులిచ్చి దిగే సత్రం కాకపోవచ్చని, ఎవరో చుట్టాల ఇంట్లో అతిథుల గది అయి ఉండొచ్చని అంటారు. అలా చదివితే కథ రంగు మారిపోతుంది. కఠినుడైన యజమాని ఎవరో తలుపేసేశాడని తిట్టుకోవడానికి వీల్లేదు. బంధువులతో కిటకిటలాడుతున్న ఇల్లు అది. అందరూ మంచివాళ్లే, అందరూ పనిలోనే ఉన్నారు. ఎవరికి ఎక్కడ చోటు చేయాలో తెలియక, ఉన్నంతలో సర్దారు. ఇది మన ఇల్లే కదా!

తొట్టి అనే మాటను వేలితో వెతకండి. లూకా రెండో అధ్యాయంలో మూడుసార్లు వస్తుంది. దేవదూత కాపరులకిచ్చిన గుర్తు కూడా అదే. వెలుగో సింహాసనమో కాదు, గుడ్డలు చుట్టి తొట్టిలో పడుకోబెట్టిన పసిబిడ్డ. తర్వాత అదే అధ్యాయంలో, బిడ్డను దేవాలయానికి తీసుకెళ్లినప్పుడు అర్పణగా చెప్పినవి గువ్వల జత లేదా రెండు పావురపు పిల్లలు. లేవీయకాండం పన్నెండో అధ్యాయం తీసి చూస్తే, గొర్రెపిల్లను తేగలిగే స్తోమత లేని తల్లికి ఇచ్చిన వెసులుబాటు అది అని తెలుస్తుంది. లూకా ఎక్కడా వాళ్లు పేదవాళ్లు అని రాయలేదు. రెండు పక్షుల్ని చెప్పి ఊరుకున్నాడు. పండుగకు గొప్పగా ఇవ్వలేకపోతున్నామని సిగ్గుపడే ప్రతి తల్లీతండ్రీ ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి.

ఇలా ఒకసారి చదివాక, డిసెంబరు 1 నుంచి లూకా సువార్తను రోజుకొక అధ్యాయం చొప్పున చదువుకుంటూ వెళ్లండి. అందులో సరిగ్గా 24 అధ్యాయాలున్నాయి. 24వ తేదీకి పుస్తకం పూర్తవుతుంది. తొట్టిలో ఉన్న బిడ్డ పెద్దయ్యాక ఏం మాట్లాడాడో, ఎవరితో తిన్నాడో, ఎలా చనిపోయాడో, తర్వాత ఏం జరిగిందో మొత్తం తెలిసి 25న నిద్ర లేస్తారు. పైకి చదవండి. పైకి చదివితే కళ్లు దాటేసే మాటలు చెవికి తగులుతాయి. మధ్యలో రెండు రోజులు తప్పిపోతే వాటిని వదిలేసి ఆ రోజు అధ్యాయానికి వచ్చేయండి. బాకీ తీర్చినట్టు చదవొద్దు.

4. తొట్టి ముందు కూర్చోండి

తొట్టిని కళ్లారా చూడాలన్న కోరిక అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సాధువుది. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే చిన్న ఊళ్లో క్రిస్మస్ రాత్రికి నిజమైన తొట్టి, గడ్డి, ఎద్దు, గాడిద తెప్పించి వాటి ముందు ఆరాధన జరిపించాడు. ఆ బిడ్డ పడిన ఇబ్బంది తన కళ్లతో చూడాలన్నది ఆయన కోరిక. ఇళ్లలో పెట్టే పశువులపాక బొమ్మలు ఆ రాత్రి వల్లే బాగా వ్యాపించాయని చెబుతారు. గమనించండి, ఆయన కూడా వస్తువులే తెప్పించాడు. అవి చూసేవాడిని బిడ్డ దగ్గరికి తీసుకెళ్లే వస్తువులు.

మీ దగ్గర బొమ్మల సెట్టు ఉంటే అందులోంచి ఖాళీ తొట్టిని మాత్రం తీసి ముందు పెట్టుకోండి. లేకపోతే ఒక ఖాళీ గిన్నె చాలు. ఫోన్ వేరే గదిలో పెట్టేయండి. తిరగేసి పక్కనే పెట్టుకుంటే లాభం లేదు, చెయ్యి అటే పోతుంది. రోజూ ఒకే సమయానికి పది నిమిషాలు కూర్చోండి. ప్రార్థన చేయడం రాకపోతే ఒక్క ప్రశ్న చాలు. ఈ రోజు నేను ఎవరిని చూడకుండా దాటిపోయాను?

మొదటి నాలుగైదు రోజులు కొనాల్సిన వస్తువులు, ఆఫీసు పనులు, ఎవరో అన్న మాటలు తప్ప ఇంకేమీ గుర్తు రావు. అది మీ ఒక్కరి సమస్య కాదు. పక్కన కాగితం పెట్టుకుని గుర్తొచ్చిన పని రాసేసి మళ్లీ కూర్చోండి. ఏదో గొప్ప అనుభూతి కలుగుతుందని మాత్రం ఎదురుచూడకండి. నాకైతే చాలా రోజులు ఏమీ కలగలేదు. ఒకరోజు మాత్రం కారణం లేకుండా, ఎప్పుడో మాటలు మానేసిన ఒక మనిషి గుర్తొచ్చి, లేచి ఫోన్ ఉన్న గదికి వెళ్లాల్సి వచ్చింది.

5. గిఫ్టుల సంగతి

గిఫ్టులు మానేయమని నేను చెప్పను. ఇచ్చే ముందు ఈ మనిషి గురించి నాకేం తెలుసు అని అడగండి. జవాబు రాకపోతే కొనడం ఆపి ఫోన్ చేసి మాట్లాడండి. గిఫ్టు దానంతటదే తెలుస్తుంది. పెద్ద కుటుంబమైతే చీటీలు వేసి ఒక్కొక్కరూ ఒక్కరికే ఇచ్చేలా మాట్లాడుకోవచ్చు. అప్పు చేసి మాత్రం కొనకండి. అప్పు చేసి ఇచ్చిన గిఫ్టు వెనకాల చిరాకు కూడా ఇంటికొస్తుంది. అది ఎవరి మీద పడుతుందో చెప్పలేం.

వస్తువు బదులు సమయం ఇవ్వాలనుకుంటే తేదీతో సహా ఇవ్వండి. ‘ఎప్పుడైనా కలుద్దాం’ అనేది గిఫ్టు కాదు. ‘జనవరి రెండో శనివారం ఉదయం మీతో హాస్పిటల్‌కు నేనొస్తాను’ అని కాగితం మీద రాసిస్తే అది గిఫ్టు.

శుభాకాంక్షల గురించి ఒక పిట్టకథ. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే పెద్దమనిషికి వచ్చిన ఉత్తరాలకు జవాబులు రాసే తీరిక లేకపోయింది. ఒక చిత్రకారుడితో బొమ్మ గీయించి వెయ్యి కార్డులు అచ్చు వేయించాడు. అచ్చయిన మొట్టమొదటి క్రిస్మస్ కార్డుగా దాన్నే చెప్పుకుంటారు. అంటే కార్డు పుట్టిందే ఉత్తరం రాసే తీరిక లేక! ఇప్పుడు ఆ కార్డు ఎంచుకునే తీరిక కూడా లేక, వచ్చిన బొమ్మనే ఇంకో గ్రూపులోకి పంపుతున్నాం. ఈసారి పదిమందిని ఎంచుకోండి. ఒక్కొక్కరికీ వాళ్ల పేరు పెట్టి, ఈ ఏడాది వాళ్లు చేసిన ఒక పనిని గుర్తు చేసి నాలుగు వాక్యాలు రాయండి. రోజుకిద్దరు చొప్పున ఐదు రోజుల్లో అయిపోతుంది.

ఒక్క గిఫ్టు మాత్రం పేరు లేకుండా ఇవ్వండి. శాంతాక్లాజ్ వెనకున్న మనిషి నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలోని మైరా పట్టణపు బిషప్ నికొలస్. కట్నం ఇవ్వలేని ఒక తండ్రి ముగ్గురు కూతుళ్ల కోసం రాత్రిపూట చాటుగా డబ్బు మూటలు విసిరి వెళ్లాడని ఆయన గురించి కథ చెబుతారు. ఎర్రబట్టలూ బండీ తర్వాత చేరాయి. చాటుగా ఇవ్వడమే అసలు కథ. ఎవరికీ చెప్పకుండా, ఇంట్లోవాళ్లకు కూడా తెలియకుండా ఇచ్చి చూడండి. చెప్పాలని నాలుక ఎంత లాగుతుందో చూస్తే, మనం ఇన్నాళ్లూ ఎందుకు ఇస్తున్నామో తెలిసిపోతుంది.

6. సాయం చేసేటప్పుడు ఫోటో వద్దు

బిడ్డ పుట్టకముందే మరియ పాడిన పాట లూకా మొదటి అధ్యాయంలో ఉంది. బలవంతుల్ని సింహాసనాల మీది నుంచి దించాడని, ఆకలిగా ఉన్నవాళ్లకు కడుపు నింపి ధనవంతుల్ని వట్టి చేతులతో పంపాడని అందులో ఉంటుంది. పండుగ కార్డుల మీద ఈ మాటలు కనబడవు. నన్నడిగితే క్రిస్మస్ రోజున తప్పకుండా చదవాల్సినవి ఇవే.

పంచిపెట్టే ముందు తీసుకునేవాళ్లకు ఏం కావాలో అడగండి. మనకు ఇవ్వాలనిపించింది వేరు, వాళ్లకు అవసరమైంది వేరు. డిసెంబరు చివరి వారంలో అందరూ ఇస్తారు. వీలైతే కొంత సొమ్ము పక్కన పెట్టి ఫిబ్రవరిలో ఇవ్వండి, అప్పుడు ఎవరూ రారు. ఇచ్చేటప్పుడు ఫోటో తీయకండి. తీసుకున్న పిల్లవాడి పేదరికం రేపు వాడి స్నేహితుల ఫోన్లలో కనబడుతుంది.

ఇవ్వడం కంటే కష్టమైనది పిలవడం. ఇమ్మానుయేలు అనే పేరుకు మత్తయి చెప్పిన అర్థం దేవుడు మనకు తోడు. తోడు అనే మాట ముఖ్యం. ఆ రోజు ఒంటరిగా ఉండే మనిషి మీకు ఒక్కరైనా తెలిసి ఉంటారు. ఊరికి దూరంగా ఉద్యోగం చేసుకునేవాళ్లు, కొత్తగా భాగస్వామిని పోగొట్టుకున్నవాళ్లు, పిల్లలు విదేశాల్లో ఉన్న పెద్దవాళ్లు. 24 సాయంత్రం గుర్తొచ్చి పిలిస్తే మొహమాటానికి వద్దంటారు. రెండు వారాల ముందే పిలవండి, వచ్చినప్పుడు చిన్న పనేదైనా చెప్పండి. పని చేసిన చోట మనిషికి అతిథిననిపించదు.

7. పిల్లలుంటే

వాళ్లకు ఉపన్యాసం వద్దు. జ్ఞానుల బొమ్మల్ని ఇంట్లో దూరంగా ఒక మూల పెట్టి, రోజూ కొంచెం తొట్టి వైపు జరపమనండి. చేరాల్సింది జనవరి 6కు, అంటే జ్ఞానుల రాకను గుర్తు చేసుకునే ఎపిఫనీ పండుగకు. వాళ్లు మీకంటే బాగా గుర్తు పెట్టుకుంటారు.

8. ఈ ఏడాది మీ ఇంట్లో దుఃఖం ఉంటే

పైన చెప్పినవి ఏవీ చేయకపోయినా ఫరవాలేదు. మత్తయి రెండో అధ్యాయంలో హేరోదు రాజు బేత్లెహేము పిల్లల్ని చంపించిన సంగతి ఉంది. బిడ్డలు లేరని ఏడుస్తూ ఓదార్పు వద్దన్న, ఇశ్రాయేలీయుల పూర్వమాత రాహేలు మాట ఉంది. క్రిస్మస్ కథలో ఆ ఏడుపుకు కూడా చోటుంది, దాన్ని ఎవరూ తుడిచేయలేదు. నవ్వుతూ ఉండాలన్న ఒత్తిడి మీకు బయటి నుంచి వచ్చింది, సువార్త నుంచి కాదు. చనిపోయినవాళ్ల పేరు పైకి పలికి ఒక కొవ్వొత్తి వెలిగించండి. ఎవరైనా పిలిస్తే గంటసేపు వచ్చి వెళ్లిపోతానని ముందే చెప్పండి.

9. ఆ రోజున

గిఫ్టులు తెరవకముందు లూకా రెండో అధ్యాయం మొదటి ఇరవై వచనాలు ఎవరైనా పైకి చదవాలి. ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లో, అందరికంటే పెద్దవాళ్లో చదివితే మిగతావాళ్లు ఊరుకుని వింటారు. తర్వాత గిఫ్టులు ఒక్కొక్కటిగా తెరవండి. ఒకరు తెరుస్తుంటే మిగతావాళ్లు చూడాలి.

ఆరాధనలో ఫోన్ బయటికి తీయకండి. వీడియో తీసేవాళ్లు ఎలాగూ నలుగురుంటారు, తర్వాత అడిగి తీసుకోవచ్చు.

ఆ రోజు డ్యూటీ పడిందనో ప్రయాణంలో ఉన్నామనో బాధపడేవాళ్లకు ఒక మాట. బైబిల్లో యేసు పుట్టిన తేదీ లేదు. డిసెంబరు 25న ఈ పండుగ జరిగినట్టు చెప్పే తొలి ఆధారం రోములో 354లో తయారైన ఒక పట్టికలో, 336వ సంవత్సరానికి సంబంధించి దొరుకుతుంది. పాత జూలియన్ క్యాలెండరు పాటించే ఆర్థడాక్స్ సంఘాలు ఇప్పటికీ జనవరి 7న చేసుకుంటాయి. మీరు 27న చేసుకుంటే ఆకాశం ఏమీ విరిగి పడదు.

10. 26వ తేదీ నుంచి

సంఘ సంప్రదాయంలో క్రిస్మస్ ఒక్కరోజుతో అయిపోదు. ఎపిఫనీ పండుగ జరిగే జనవరి 6 వరకు పన్నెండు రోజులు లెక్క. షాపుల్లో పండుగ అయిపోయాక అసలు పండుగకు తీరిక దొరుకుతుంది. మొదట చెప్పిన ఆ తీరిగ్గా కూర్చునే సాయంత్రాల్ని ఈ రోజుల్లో పెట్టుకోండి. 24 లోపు కలవలేకపోయినవాళ్లను ఇప్పుడు కలవండి. మత్తయి రెండో అధ్యాయంలో మిగిలిన భాగం, అంటే ఆ కుటుంబం రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోయిన కథ, ఇప్పుడు చదవండి. గొర్రెల కాపరులు బిడ్డను చూశాక దేవుణ్ని స్తుతిస్తూ తిరిగి వెళ్లారని లూకా రాశాడు. మీరు తిరిగి ఆఫీసుకు వెళ్లే రోజు ఆ వచనం పనికొస్తుంది.

జనవరి 6 తర్వాత అలంకరణ సామాను తీసి డబ్బాలో సర్దేటప్పుడు ఒక చిన్న కాగితం తీసుకోండి. ఈ ఏడాది ఏది లేకపోయినా ఏ లోటూ రాలేదో ఒక వాక్యం రాయండి. ఎవరిని పిలవాల్సి ఉండి పిలవలేకపోయారో వాళ్ల పేరు రాయండి. ఆ కాగితాన్ని మడిచి ఖాళీ తొట్టి బొమ్మలో పెట్టి, డబ్బా మూత వేసేయండి. వచ్చే డిసెంబరులో డబ్బా తెరిచినప్పుడు ముందు ఆ పేరున్న మనిషికి ఫోన్ చేసి, తర్వాత లైట్లు తీయండి.